నాలుగు రికార్డులూ ఒకే చోట అరిగాయి

ఈమధ్య మా పాత డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి ఇందా పేటలో నేనుండే ఇంటికి వచ్చి, "ఇన్నేళ్ళ సర్వీసులో మీకు బాగా గుర్తుండిపోయిన కేసు ఏది మేడమ్?" అని అడిగింది. చెవి పూర్తిగా బాగుపడి, దండం పెట్టి వెళ్ళిపోయిన మనిషి కథ ఏదైనా చెబుతానని ఆ అమ్మాయి అనుకుని ఉంటుంది. నాకు గుర్తొచ్చిన మనిషికి చెవి బాగుపడలేదు. బాగుపడే చెవి కూడా కాదు. టీ తాగేలోగా చెప్పే సంగతి కాదని ఆవేళ మాట దాటేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

నా ఉద్యోగం చెవులు పరీక్షించడం. రైల్వే ఆస్పత్రిలో, శబ్దం చొరబడని ఒక చిన్న గది. గాజు పలకకు అటు రోగి, ఇటు నేను. ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, లావు కూతల నుంచి సన్న కూతల దాకా ఒక్కొక్కటే పంపాలి. వినబడితే ఆయన బటన్ నొక్కుతాడు. దాన్ని బట్టి నేను గీత గీస్తాను. వర్క్‌షాపులో చక్రాల దగ్గరా బాయిలర్ల దగ్గరా పనిచేసిన వాళ్ళ గీతలు చాలావరకు ఒక్కలాగే ఉంటాయి. లావు శబ్దాల దగ్గర తిన్నగా నడిచి, సన్న శబ్దాల దగ్గరికి వచ్చేసరికి గోడ మీంచి దూకినట్టు కిందికి పడిపోతాయి. మా నాన్న గీత కూడా అంతే. ఈ బెంగాలీ ఊళ్ళో రైల్వే కట్టిన ఓల్డ్ సెటిల్‌మెంటు క్వార్టర్లలో పెరిగిన మా తెలుగువాళ్ళందరికీ గట్టిగా అరిచి మాట్లాడే అలవాటు వచ్చింది అలాంటి తండ్రుల వల్లే.

నాకు మాత్రం ఆ అలవాటు ఉద్యోగంలో చేరాక పోయింది. శబ్దం లేని గది పక్కన ఏళ్ళ తరబడి కూర్చుంటే మాట తగ్గిపోతుందని చేరేటప్పుడు ఎవరూ చెప్పరు. "వినబడితే నొక్కండి", "రెండో చెవి", "అయిపోయింది, బయట కూర్చోండి". కొన్ని రోజులు ఈ మూడు మాటలతోనే గడిచిపోయేవి. అమ్మ పోయాక క్వార్టరులో ఒక్కదాన్నే. నా పెళ్ళి ఊసెత్తే చుట్టాలు ఎప్పుడో అలిసిపోయారు. డ్యూటీ దిగి గోల్‌బజార్‌లో కూరో చేపో కొనుక్కుని ఇంటికి వెళ్తే, టీవీ కూడా పెట్టేదాన్ని కాదు. రోజంతా కూతలు విన్న చెవికి విశ్రాంతి ఇస్తున్నానని నాకు నేను చెప్పుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో ఆయన వచ్చాడు. వర్క్‌షాపులో చక్రాల విభాగంలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కా పైబొత్తాం దాకా పెట్టుకుని ఉన్నాడు. ఓపీలో పనిచేసే మా ఆయమ్మ ఆయన్ని లోపలికి తీసుకొస్తూ, "ఈ బాబు మన సెటిల్‌మెంటోళ్ళేనమ్మా. ఆళ్ళావిడ మొన్నామధ్య పోనాది," అని నా చెవిలో చెప్పింది.

"ఏటి ఇబ్బంది బాబాయ్?" అని అడిగాను.

"నాకేటీ ఇబ్బంది నేదమ్మా. నా సెవి సుబ్బరంగా ఉన్నాది. అలగని మీరు కాయితం మీద రాసిస్తే సాలు."

"ఎందుకు?"

"గోల్‌బజారోడికి సూపించాల. ఆడు ఏసిన సూది నా రికార్డుని గీరీసినాది. అడిగితే, దాదా, నీ సెవి సూపించుకో అంటన్నాడు."

ఆయన అంటున్నది పాతకాలపు గ్రామఫోను రికార్డుల సంగతి. కొత్త సూది వేయించినప్పటి నుంచీ రికార్డులో ఒకచోట ఏమీ వినబడడం లేదట. నేను నవ్వు ఆపుకుని ఆయన్ని గదిలో కూర్చోబెట్టాను. పరీక్ష మొదలుపెట్టిన కాసేపటికి నవ్వు ఆపుకోవలసిన అవసరం లేకపోయింది. సన్న కూతల దగ్గరికి వచ్చేసరికి ఆయన బటన్ మీద వేలు ఉంచి, గాజులోంచి నావైపు చూస్తూ కూర్చున్నాడు. నేను పంపుతూనే ఉన్నాను. ఇంకా ఎందుకు మొదలుపెట్టలేదా అన్నట్టు ఆయన చూస్తున్నాడు.

గీత చూపించి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

"మీ పిట్టకూతలు ఇనబడకపోతే ఏటమ్మా? నాను ఇన్నది సంగీతం. ఆ రికార్డు ఏ ముక్క తరవాత ఏ ముక్కో నాకు నిద్దట్లో తెలుసు."

"అయితే ఆ రికార్డు తీసుకురండి బాబాయ్. నేనూ వింటాను. అరిగిందో లేదో చెబుతాను."

ఆయన్ని పంపించేయడానికి అన్న మాట అది. ఆయన శనివారం మధ్యాహ్నం ఓపీ అయిపోయే వేళకు రిక్షా దిగాడు. ఒక చేతిలో సూట్‌కేసులా మూతపడే రికార్డు ప్లేయరు, ఇంకో చేతిలో గుడ్డసంచి. సంచిలో రికార్డులు నాలుగున్నాయి.

"నాలుగెందుకు?" అన్నాను.

"నాలుగూ ఒకటే పాట. వాయించినోళ్ళు వేరు."

నాకు అర్థం కాలేదు. అప్పుడాయన కుర్చీ లాక్కుని చెప్పాడు. దాన్ని స్ట్రింగ్ క్వార్టెట్ అంటారట. రెండు వయొలిన్లు, వాటికన్నా కొంచెం పెద్దగా, బొంగురుగా పలికే వియోలా, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించే చెల్లో. నలుగురే మనుషులు, తాళం వేసేవాడు లేడు, ముందు నిలబడి చేతులూపేవాడు లేడు. ఒకరి ఊపిరి ఒకరు చూసుకుంటూ వాయించుకోవాలి. ఆయన కుర్రతనంలో వర్క్‌షాపు ఫోర్‌మన్ ఒక ఆంగ్లో ఇండియన్ దొర ఉండేవాడట. వాళ్ళ బంగళా వరండాలో ఆదివారాలు ఈ సంగీతం సాగేది. దొర మొదటి వయొలిన్. స్కూల్లో పాఠాలు చెప్పే బెంగాలీ మాస్టారు రెండోది. చెల్లో వాయించేది గోవా నుంచి వచ్చిన రైలు గార్డు. వియోలాకు మనిషి దొరక్క, భజనల్లో వయొలిన్ వాయించే ఈయన్ని పట్టుకుని నేర్పించారు.

"ఒక్క పాటే నేర్సుకున్నాము సరిగ్గా. అదీ మెల్లగా నడిసే ముక్కే. మిగతా ముక్కలు మొదలెడితే మద్దిలో కూలిపోయీవి," అన్నాడాయన. అన్నప్పుడు మొదటిసారి నవ్వాడు.

నలుగురూ తలో రికార్డు తెప్పించుకున్నారట. వాయించడం అయ్యాక ఎవరి రికార్డు గొప్పదో వాదించుకునేవాళ్ళు. దొర ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తన రికార్డు ఈయన చేతిలో పెట్టాడు. మాస్టారు పోయాక ఆయన భార్య తెచ్చి ఇచ్చింది. గార్డు గోవా వెళ్ళిపోయేటప్పుడు సామాను ఎక్కువైందని వదిలేశాడు. అలా నాలుగూ ఈయన దగ్గరికే చేరాయి.

ప్లేయరు బల్ల మీద పెట్టి మొదటి రికార్డు వేశాడు. నాకు సంగీతం తెలియదు. సినిమా పాటలు తప్ప విన్నది లేదు. నలుగురు మనుషులు చిన్న గొంతుతో ఏదో మాట్లాడుకుంటున్నట్టు ఉంది. ఒకడు మొదలుపెట్టిన మాటను ఇంకొకడు పూర్తిచేస్తున్నాడు. కొంతసేపటికి ఆయన చెయ్యెత్తి, "ఇక్కడ. ఇప్పుడు సూడు," అన్నాడు.

మొదటి వయొలిన్ పైకి, ఇంకా పైకి ఎక్కి, ఒక సన్నటి స్వరం మీద నిలబడింది. బట్టలోంచి ఒక్క దారం పోగు లాగి పట్టుకున్నట్టు ఉంది.

"సూసినావా? కింద మేమిద్దరం నడుస్తన్నాము, నానూ చెల్లో ఆయనా. పైన ఎవులూ నేరు. అరిగిపోనాది," అన్నాడు.

నేను రెండో రికార్డు వెయ్యమన్నాను. అదే చోట ఆ వయొలిన్ కొంచెం వణికింది. మూడో దాంట్లో ఎప్పుడు మొదలైందో తెలియనంత మెల్లగా వచ్చింది. నాలుగో దాంట్లో తాకీ తాకనట్టు తాకి దిగిపోయింది. నలుగురు మనుషులు నాలుగు రకాలుగా నిలబడ్డారు ఆ స్వరం మీద. నాలుగుసార్లూ ఆయన చెయ్యెత్తి, "ఇక్కడా అరిగిపోనాది," అన్నాడు.

"బాబాయ్," అన్నాను, "నాలుగూ ఒకే చోట అరిగాయా?"

ఆయన రికార్డు మీంచి సూది తీసి పక్కన పెట్టాడు. మూత వెయ్యబోయి ఆగాడు. "నీకు ఇనబడతందా అమ్మా?" అని అడిగాడు.

"వినబడుతోంది."

"నాలుగింట్లోనా?"

"నాలుగింట్లో."

అప్పుడే మా డాక్టరుగారు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. బెంగాలీ ఆవిడ. చురుకైన మనిషి. వంకరగా మాట్లాడినా మంచి మనసు. ప్లేయరు చూసి, "దీదీ, ఎటా కీ? గానేర్ క్లాస్?" అంది. పాటల క్లాసు పెట్టావా అని. నేను గీత అందించాను. ఆవిడ గీత చూసి, ఆయన ముఖం చూసి, వేళాకోళం మానేసింది. చెవి మిషను పెట్టించండి, ఆలస్యం చేస్తే మెదడు ఆ శబ్దాలను మరిచిపోతుందని హిందీలో చెప్పి, వెళ్తూ వెళ్తూ, "శనివారం ఓపీ తరవాత అయితే పర్వాలేదు," అని నాతో అంది. ఆ ఒక్క మాటతో ఆ గది మాకు దొరికింది.

మిషను వచ్చింది. నేను ఆయనకు చాలా నమ్మకంగా చెప్పాను, అన్నీ వినబడతాయని. మొదటి రోజు మాటలు బాగానే వినబడ్డాయి. ఆయమ్మ గాజుల చప్పుడు విని ఆమెవైపు తిరిగి, "ఇన్ని గాజులేటే," అన్నాడు. ఆమె మురిసిపోయింది. తరవాత రికార్డు పెట్టాం. ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"రేకు డబ్బామీద వాయిస్తన్నట్టున్నాదమ్మా."

ఆ పైస్వరం వచ్చింది. ఆయన చెయ్యెత్తాడు. మెల్లగా దించేశాడు.

"ఒచ్చినాది. ఒచ్చి, ఎవులో నోరు మూసీసినట్టు పోనాది."

ఎందుకలా అవుతోందో తెలుసుకోవడానికి నాకు చాలా శనివారాలు పట్టింది. ఈ మిషన్లు మాట కోసం తయారైనవి. అప్పుడప్పుడు వాటికవే ఈల వేస్తాయి. ఆ ఈలను పసిగట్టి అణిచేసే ఏర్పాటు లోపలే ఉంటుంది. కదలకుండా నిలబడ్డ ఆ సన్నటి వయొలిన్ స్వరాన్ని మిషను తన ఈలే అనుకుని నొక్కేస్తోంది. ఆ సంగతి తెలిశాక నాకు కోపం వచ్చింది. మిషను మీద కోపం రావడం అదే మొదలు. సంగీతానికని విడిగా ఒక అమరిక చేసి, అందులో ఈల అణిచే పనీ, శబ్దాలను ఎగుడుదిగుడు లేకుండా సర్దేసే పనీ ఆపేశాను. ఒక రికార్డుకు సరిపోయింది ఇంకోదానికి సరిపోయేది కాదు. నాలుగూ మళ్ళీ మళ్ళీ వేసి సర్దుకుంటూ వచ్చాం. "కొంచెం పైకి", "ఒద్దొద్దు, గీరతంది", "ఆ, ఆ, ఆగు" అని ఆయన అంటుంటే నేను కంప్యూటర్లో జరిపేదాన్ని.

వానాకాలంలో ఒక శనివారం ఆ స్వరం మొదలై, నిలబడి, నిలబడి, తనంతట తాను దిగింది. ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అదేనమ్మా," అన్నాడు. తరవాత కళ్ళు తుడుచుకుని, "మా దొర దీనికన్నా కిందికి వాయించీవోడు. ఆడికి శ్రుతి ఎప్పుడూ తక్కువే," అన్నాడు.

నేను ఇక కేసు ముగిసిందని అనుకున్నాను. ఈ ఉద్యోగంలో ఉన్న మీలో చాలామంది కూడా అక్కడే ముగిస్తారు. వారం తిరిగేసరికి ఆయన మళ్ళీ వచ్చాడు, మామూలు ఓపీ రోజున, మిషను చేతిలో పట్టుకుని.

"ఇది ఇక్కడే పన్జేస్తందమ్మా. ఇంటికాడ పన్జెయ్యడం నేదు."

బ్యాటరీ చూశాను. బాగుంది. గొట్టం శుభ్రం చేశాను. పెట్టి మాట్లాడితే వినబడుతోంది. పంపించాను. మూడోనాడు మళ్ళీ వచ్చాడు. అదే మాట. డాక్టరుగారు, "అలవాటు పడాలి, టైమ్ పడుతుంది," అంది. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. ఇంట్లో ఫ్రిజ్జో ఇన్వర్టరో మిషనును పాడుచేస్తోందేమో చూద్దామని సాయంత్రం డ్యూటీ దిగి ఆయనతో వెళ్ళాను.

నేను పుట్టి పెరిగిన సందులకు నాలుగు సందుల అవతల ఆ ఇల్లు. చాలా ఏళ్ళుగా ఆ వైపు వెళ్ళలేదు. చుట్టూ క్వార్టర్లు చాలావాటికి తాళాలు. కొన్నిటికి తలుపులే లేవు. కూల్చేస్తారని మనుషుల్ని ఖాళీ చేయించేశారు. ఆయన తమ్ముడి పేర మిగిలిన ఒక్క క్వార్టరులో ఈయన ఉంటున్నాడు. తమ్ముడి కుటుంబం అప్పటికే శ్రీకాకుళం వైపు వెళ్ళిపోయింది.

లోపల బల్ల, మంచం, రికార్డు ప్లేయరు. ఫ్రిజ్జు లేదు. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆయన మిషను పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు సూడమ్మా," అన్నాడు. ఊపిరి బిగబట్టాడు. "ఏటైనా ఇనబడతందా?"

నేనూ విన్నాను. ఏళ్ళ తరబడి శబ్దం చొరబడని గది పక్కన కూర్చున్న చెవితో విన్నాను. పక్కింట్లో కుక్కరు లేదు. పైన నడిచే అడుగు లేదు. పిల్లలు లేరు. గోడ అవతల దగ్గే ముసలాయన లేడు.

లేచి వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు మీద చెంచాతో మెల్లగా కొట్టాను.

"ఇనబడింది," అన్నాడు ముందు గదిలోంచి.

ఇంకా మెల్లగా కొట్టాను.

"ఇదీ ఇనబడింది."

తిరిగి వచ్చి కూర్చున్నాను. "మిషను బాగానే ఉంది బాబాయ్. ఇక్కడ చప్పుడే లేదు," అన్నాను.

ఆయన మిషను తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

"నా సెవి పోనాదని నువ్వు సెప్పినప్పుడు నాకు బెంగ తీరినాదమ్మా," అన్నాడు. "ఆవిడ పోయినకాణ్ణుంచి ఇల్లు ఇలగైపోనాదేటా అనుకునీవోణ్ణి. నువ్వు సెప్పినాక, ఓహో, సప్పుడు ఉన్నాది, నాకే ఇనబడ్డం నేదు అనుకున్నాను. అలగనుకుంటే నిద్దర పట్టీది."

మిషను మళ్ళీ పెట్టుకుని రికార్డు వెయ్యమన్నాను. వెలుతురు తగ్గేదాకా రెండు రికార్డులు విన్నాం. లేచేటప్పుడు, ఆదివారం వస్తానని చెప్పాను. అలా చెప్పాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

ఆ తరవాత ఆదివారాలు వెళ్ళాను. ఆయన నాకు వినడం నేర్పాడనడం కన్నా, వాదించడం నేర్పాడనడం నిజం. "ఏది బాగున్నాది?" అని అడిగేవాడు. నాకు తెలియదంటే ఊరుకునేవాడు కాదు. "మా మాస్టారైతే ఇక్కడ కుర్చీలోంచి లేచిపోయీవోడు," అని ఆయన మాట ఆయనే చెప్పి, గార్డు వైపు నుంచి జవాబు కూడా ఆయనే చెప్పేవాడు. ఆ ముగ్గురి వాదనలూ విని విని, చివరికి నాకూ ఒక అభిప్రాయం ఏర్పడింది. నాకు నచ్చింది మాస్టారి రికార్డు. పాతది, గీతలు పడ్డది. అందులో నలుగురూ ఒకరికోసం ఒకరు ఆగుతున్నట్టు ఉండేది. ఎవరో కుర్చీ కిర్రుమనిపించేవారు కూడా. ఆయనకు నచ్చింది తన సొంత రికార్డు, అన్నిటికన్నా శుభ్రంగా ఉన్నది.

"దాంట్లో మీ వియోలా ఆయన తొందరపడుతున్నాడు బాబాయ్," అనేదాన్ని.

"తొందర కాదమ్మా అది. ఎనకబడిపోతానని బయం. వాయించినోడికి తెలుస్తాది."

"భయపడితే తొందరపడినట్టే కదా."

"నీకేటి తెలుసు, నువ్వు పిట్టకూతలదానివి!"

సోమవారం ఆస్పత్రికి వెళ్ళాక కూడా నా బుర్రలో ఆ వాదన నడిచేది. నా గొంతు కొంచెం పెరిగిందని ఆయమ్మే అంది. "ఈమధ్య బాగా మాటాడతన్నావమ్మా," అని.

ఆ క్వార్టర్ల వరస కూల్చే ఉత్తర్వు వచ్చింది. తమ్ముడు వచ్చి తీసుకెళ్తానన్నాడు. వెళ్ళే ముందురోజు ఆయన ఆస్పత్రికి వచ్చి, వాకిట్లోంచే పాత పేపరులో చుట్టిన రికార్డు ఒకటి నా చేతిలో పెట్టాడు. "ప్లేయరు ఆయమ్మకి అప్పజెప్పినాను. సాయంత్రం ఇస్తాది నీకు. అక్కడ మా తమ్ముడికాడ ఒకటున్నాది," అన్నాడు. క్యూలో రోగులున్నారు. బటన్ నొక్కమని ఒకాయనకు చెబుతూ తలుపులోంచి చూశాను. ఆయన కారిడార్లో ప్రతి తలుపు దగ్గరా తల తిప్పి వింటూ నడిచి వెళ్తున్నాడు.

ఇంటికి వెళ్ళి పేపరు విప్పాను. నాకు ఇష్టమైన రికార్డు ఇచ్చి ఉంటాడనుకున్నాను. కాదు. తనకిష్టమైనది ఇచ్చాడు. నాది ఆయన పట్టుకెళ్ళాడు.

తరవాత ఫోన్ చేసేవాడు. ఫోన్ చెవికి ఆనించగానే మిషను ఈలలు వేసేది. ఈలల మధ్యలోంచి అరిచేవాడు. "నీ రికార్డే ఇంటన్నాను. సాగదీస్తన్నారమ్మా ఈళ్ళు!" నేనూ కారిడార్ అదిరేలా అరిచి జవాబు చెప్పేదాన్ని. రెండేళ్ళో అంతకన్నా కొంచెం ఎక్కువో అలా నడిచింది. తరవాత ఒకసారి ఆ నంబరు నుంచి తమ్ముడి గొంతు వచ్చింది. ఈలలు లేకుండా, స్పష్టంగా.

నేను రిటైరయ్యాను. ఇందాలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. కింద బజారు, ఆటోలు, బస్సులు. చప్పుడుకు కొదవ లేదు. కొత్తగా చేరిన అమ్మాయీ, నీకు చెప్పవలసింది ఇంతే: మిషను ఇక్కడ పనిచేస్తోంది, ఇంటి దగ్గర పనిచేయడం లేదని ఎవరైనా రెండోసారి వస్తే, బ్యాటరీ మార్చి పంపెయ్యకు. వీలైతే ఒకసారి ఆ ఇంటికి వెళ్ళు.

ఆయన రికార్డు నాకు ఇప్పటికీ నచ్చదు. అయినా ఆదివారం పెడతాను. నిన్న కూడా పెట్టాను. వియోలా ఆయన తొందరపడే చోటు వచ్చింది. "తొందరపడుతున్నాడు బాబాయ్," అన్నాను పైకే. కింద బజారులో ఎవరో బేరమాడుతున్నారు. రికార్డు తన దారిన తాను తిరుగుతోంది. కాదు అనే మనిషి లేక, నా మాటే గెలిచింది.